మడిచేతి ముద్ర

నెమలిగుండ్లకు పోయే శనివారపు బస్సు గిద్దలూరు బస్టాండులో కదలడానికి సిద్ధంగా ఉంది. డ్రైవరు ఆగి ఆగి హారన్ మోగిస్తున్నాడు. కోటిరత్నమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టిందో లేదో, సంచిలో ఫోను మోగింది. రంగనాయకస్వామికి సమర్పించవలసిన పట్టు కండువా, తులసిమాల, కొబ్బరికాయలు ఆ సంచిలోనే ఉన్నాయి. వాటిని పక్కకు ఒత్తిగించి ఫోను పైకి తీసేసరికి వెనుకవాళ్ళు ఆమెను తోసుకుని ఎక్కసాగారు. ఆమె దిగి నిలబడింది.

"అక్కా, నేను రోశమ్మను. బస్సెక్కినావా?"

"ఎక్కబోతాండా. ఏందే, గొంతు అట్ల ఉండాది?"

"ఏం జెప్పమంటావక్కా. ఆ హైదరాబాదు సారు పొద్దున్నే దిగినాడు. వచ్చీ రాంగానే ఒక ఫోటో తీసి బల్ల మీద పరిచినాడు. పోయిన తడవ మన కొలిమిలో కాల్చిన రేకు ఒకటి పగిలింది గదా, దాన్ని పెద్దద్దం కింద పెట్టి తీసిన ఫోటో అంట. ఆ పగులు ఎట్ల ఉండాదో తెలుసునా? మనిషి వేలిముద్ర మాదిరి, చుట్లు చుట్లుగా ఉండాది."

"వేలిముద్రా?"

"అవునక్కా. ఎవరో ఉత్తచేత్తో ముట్టినారంట. చేతిలో ఉప్పు ఉంటాదంట గదా, ఆ ఉప్పు రేకు మీద ఉండంగానే పూత పూసి కాలిస్తే, అది లోపల్లోపల కొరుక్కుంటా పోతాదంట. నాగేశ్వర్లన్న నన్ను అందరి ముందర నిలబెట్టి, తొడుగు లేకుండా ముట్టింది నువ్వే గదా అన్నాడు. పూత పూసేదాన్ని నేనే గదా, ఇంకెవర్ని అంటాడు? నా బిడ్డ మీద ఒట్టక్కా, నేను ముట్టలే."

కోటిరత్నమ్మ కుడిచేయి ఆమెకు తెలియకుండానే చీరకు రాసుకుంటున్నది.

"ఈ తడవ గూడా ముద్ర పడితే ఇంక గడప తొక్కొద్దన్నాడు. నువ్వొక మాట చెప్పక్కా, నీ మాటైతే వింటాడు. అక్కా? ఉండావా?"

"ఉండా."

"పిలుస్తాండారు. పూత మొదలుపెడతాం ఇంక. ఫోను డబ్బాలో ఏసి పోవాల. దేవుడికి బాగా మొక్కు. నా పేరు గూడా చెప్పి ఒక కాయ కొట్టు."

"సరే" అన్నది కోటిరత్నమ్మ.

ఆ ఒక్క మాట తప్ప మరేదీ ఆమె నోట రాలేదు. ఫోను నిశ్శబ్దమయింది. నెమలిగుండ్ల బస్సు ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది.

మార్కాపురంలో వీరభద్రయ్య పలకల కార్ఖానా అంటే ఒకప్పుడు తెలియనివారు లేరు. గనిలోనుంచి వచ్చిన నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, చట్రాలు బిగించి, పెట్టెలకెత్తి దేశదేశాలకు పంపినవాడు ఆయన. పెట్టెలు బండికెక్కే ముందు ఆయన స్నానం చేసి వచ్చి ప్రతి పెట్టెనూ కుడిచేత్తో ముట్టి కళ్ళకద్దుకునేవాడు. సరస్వతి ఇంటినుంచి బయలుదేరుతున్నదని ఆయన భావన. పలకల మీద అక్షరాలు దిద్దే రోజులు గడచిపోయాయి. ఆయనా గడచిపోయాడు. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చిన కోటిరత్నమ్మ తల్లి లేని తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకుని పెంచింది. తమ్ముడు నాగేశ్వర్లు లోహశాస్త్రం చదివి, పట్నంలోని ఒక పరిశోధనశాలలో తల నెరిసేదాకా పనిచేశాడు. వాళ్ళు ఆ విభాగాన్ని మూసివేస్తే, జిల్లాలు విడగొట్టిన ఏడాది, తాను నేర్చిన ఒకే ఒక విద్యను వెంటబెట్టుకుని మార్కాపురానికి వచ్చాడు. మూతబడిన కార్ఖానా షెడ్డులో కొలిమి నిలిపాడు.

ఆ విద్య ఏమిటో అక్కకు అతడు ఎన్నోసార్లు చెప్పాడు. టైటానియం అనే లోహం ఉన్నది. ఇతర లోహాలు కొంచెం కలిపితే ఉక్కుకు దీటైన బలం వస్తుంది. బరువు మాత్రం ఉక్కు బరువులో సగానికి కాస్త పైన. విమానపు ఇంజన్లకు అంతకంటె కావలసినదేముంది? అయితే దానికొక శాపం ఉన్నది. మితిమీరి వేడెక్కితే అది గాలిలోని ప్రాణవాయువును ఆత్రంగా లోపలికి పీల్చుకుంటుంది. సర్వప్రాణులనూ నిలిపే ఆ వాయువే దానికి విషం. మొదట నీలిరంగు తిరుగుతుంది, పిమ్మట బూడిదరంగు, ఆ పిమ్మట తెల్లని పొట్టు రాలుతుంది. వంగవలసిన లోహం పెంకులాగా విరుగుతుంది. అందుకని నాగేశ్వర్లు అల్యూమినియం పొడీ, సిలికా కలిపి ఒక లేపనం చేశాడు. దాన్ని పలుచగా చిమ్మి కొలిమిలో కాలిస్తే అది లోహంతో కలిసిపోయి చర్మంలాగా పట్టుకుంటుంది. ఆ చర్మం మీద వెంట్రుకవాసి మందం కూడా లేని ఒక గట్టిపొర తనంతట తానే పుడుతుంది. ఇక గాలి లోపలికి పోలేదు.

"ఆంజనేయస్వామికి సిందూరం పూసినట్లన్న మాట" అన్నది కోటిరత్నమ్మ మొదటిసారి విన్నప్పుడు.

"అట్లే అనుకో. కానీ ఈ స్వామిని ముట్టగూడదు. చేతికి తొడుగు లేకుండా ఎవరూ ముట్టగూడదు. జిడ్డు అంటితే పూత పట్టదు" అన్నాడు తమ్ముడు.

జిడ్డు అన్నాడు. ఉప్పు అనలేదు. ఆ సంగతి అప్పటికి అతనికీ అంత పట్టింపుగా తోచలేదు కాబోలు.

హైదరాబాదు కంపెనీవారు పరీక్షకని రేకులు ఇచ్చారు. మొదటిసారి ఒక రేకు పగిలింది. పోనీలెమ్మని రెండోసారి ఇచ్చారు. ఇదే కడపటిదని అప్పుడే చెప్పారు. ఇది నిలిస్తే పని వస్తుంది, రోశమ్మవంటి పాత పలకల కూలీలకు కూడు దొరుకుతుంది, షెడ్డు నిలుస్తుంది. నిలవకపోతే షెడ్డును గోదాముకని అడుగుతున్నవాళ్ళకు తాళాలు అప్పగించడమే. నాగేశ్వర్లు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపినది కలిపినట్టే వదిలి లేచిపోతున్నాడు. మొన్న సాయంకాలం నీళ్ళు నిండిన పాత పలకల గని అంచున ఒంటరిగా నిలబడి ఉండగా కోటిరత్నమ్మ కంటబడ్డాడు. ఏమిరా ఇక్కడ అంటే, "ఊరికే అక్కా" అన్నాడు. ఆ ఊరికే అన్న మాట ఆమె గుండెలో దిగబడి ఉన్నది.

అందుకనే ఈవేళ తెల్లవారుతూనే ఆమె తలస్నానం చేసి, మడి కట్టుకొని, తాళం తీసి షెడ్డులోకి వెళ్ళింది. శుద్ధజలంతో కడిగి ఆరబెట్టిన రేకులు ఉక్కు దండెం మీద వరుసగా వేలాడుతున్నాయి. అభిషేకం ముగిసి అలంకారానికి వేచివున్న విగ్రహాల్లాగా ఉన్నాయని ఆమెకు అనిపించింది. తడిచేతి గుప్పిట రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టి దండేనికి ముమ్మారు దిష్టి తీసింది. బయట పొయ్యిలో వేసి వచ్చింది. గోడకు రబ్బరు తొడుగులు వేలాడుతున్నాయి. వాటిని ఎవరు తొడుక్కున్నారో, తొడుక్కుని ఏమేమి ముట్టారో! స్నానం చేసిన తన తడిచేయి వాటికంటె పవిత్రం కాదా? ఆమె ఒక్కొక్క రేకునూ ముట్టి కళ్ళకద్దుకున్నది, నాయన పెట్టెలను ముట్టినట్టే. పోయినసారి తొందరలో ఒక్కదాన్నే ముట్టగలిగింది. తరువాత ఏదో ఒకటి పగిలిందని మాత్రమే విన్నది. తక్కినవాటిని ముట్టనందుకే స్వామి అనుగ్రహం పూర్తిగా కలగలేదేమోనని ఆమె లోలోపల అనుకున్నది. ఈసారి ఒక్కటి కూడా వదలలేదు.

ఇప్పుడు గిద్దలూరు బస్టాండు సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఆమె తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నది.

చెమట ఉప్పుకే రేకు పగిలితే, రాళ్ళుప్పు పట్టిన తడిచేతికి ఏమవుతుంది?

రోశమ్మ ఫోనులో ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే చాలును. "పూత ఆపండి, రేకులు మళ్ళీ కడగండి" అంటే చాలును. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెంటనే మరొకటి వచ్చింది: నేను అని చెప్పాలి కదా. ఆ హైదరాబాదు మనిషి ముందర, ఆడకూలీల ముందర, తమ్ముడి ముందర, నేను అని. నోరు మూసుకుపోయింది. ఏమీ కాదులే, ఉప్పు ఎంత అంటి ఉంటుంది, స్వామి చూసుకుంటాడు అనుకున్నది. అట్లా అనుకుంటూ కూర్చున్న కాసేపటిలోనే అక్కడ రోశమ్మ లేపనం చిమ్మడం మొదలుపెట్టి ఉంటుంది.

చటుక్కున లేచి ఫోను చేసింది. రోశమ్మకు చేసింది, తమ్ముడికి చేసింది, మళ్ళీ రోశమ్మకు చేసింది. వరండాలో రేకుడబ్బా ఒకటి ఉన్నది. పని జరిగేటప్పుడు అందరి ఫోన్లూ అందులోనే పడివుంటాయి. ఆ డబ్బాలో తన పిలుపు గిలగిల కొట్టుకుంటూ ఉండటం ఆమెకు ఇక్కడికే వినిపిస్తున్నట్టయింది. చుట్టుపక్కల షెడ్లన్నీ మూతబడినవే. పరుగెత్తి చెప్పమనడానికి ఒక్క మనిషి లేడు.

మార్కాపురం బస్సు కదులుతుంటే పరుగెత్తి పట్టుకున్నది.

పక్కసీటులో ఒక ముసలామె చీపుళ్ళ మోపు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నది. నల్లమల గూడెం మనిషి, పేరు గురమ్మ అని తానే చెప్పింది. కోటిరత్నమ్మ మాటిమాటికి ఫోను చెవికి పెట్టుకోవడం, దించడం చూసి చూసి ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఏందమ్మా, ఎవురన్నా ఆస్పత్రిలో ఉండారా?"

"లేదమ్మా."

"మరి ఎవురు సచ్చిపోతాండారు, అట్ల వణుకుతాండావు?"

"ఎవరూ లేరు. నేనొక తప్పు చేసినాను. అది చెప్పాలని పోతాండా."

గురమ్మ నోటిలోని ఆకును ఒక బుగ్గనుంచి మరో బుగ్గకు మార్చింది. "తప్పు జెప్పడానికి ఇంత తొందరపడేటోళ్ళను యాడా సూల్లేదే! మా ఊళ్ళో అయితే బస్సు తప్పిపోతే బాగుండనుకుంటారు."

నిజానికి ఆమె అంతరంగంలో ఒక మూల అదే కోరిక మెదలుతున్నది. కంభం దాటిన తరువాత గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బస్సు ఆగింది. ఆమె లేచి కండక్టరు దగ్గరకు పోయి, "నాయనా, కొంచెం తొందరగా పోనిమ్మని చెప్పు" అన్నది.

"పోనిస్తాం పెద్దమ్మా. నువ్వు పోయి ఆ పొట్టేలుకు చెప్పు, మా మాట వినడంలేదు" అన్నాడతడు. బస్సులో అందరూ నవ్వారు. గురమ్మ మాత్రం నవ్వక తన సీసాలోని నీళ్ళు అందించింది. కోటిరత్నమ్మ తన లెక్కలో ఇంకా మడిలోనే ఉన్నది. పరాయి నీళ్ళు ముట్టరాదు. ఆమె సీసా అందుకుని గటగట తాగింది.

మార్కాపురంలో దిగి ఆటోలో షెడ్డు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వరండాలో రోశమ్మ పూత చిమ్మే గన్నును కడుగుతూ కనిపించింది. కడుగుతున్నదంటే పూత ముగిసిందన్న మాట, తక్కిన ఆడకూలీలు ఇళ్ళకు వెళ్ళినట్టున్నారు. లోపలినుంచి కొలిమి ఝంకారం వినిపిస్తున్నది.

"అక్కా! దేవుడి దగ్గరికి పోలే?" అంటూ రోశమ్మ లేచింది. "నీ ముఖమేంది అట్లయింది?"

ఆమెను దాటుకుని కోటిరత్నమ్మ లోపలికి వెళ్ళింది. నాగేశ్వర్లు ఒక్కడే ఉన్నాడు. కొలిమి తలుపుకున్న గాజుకన్నులోనుంచి చూస్తున్నవాడల్లా వెనుదిరిగాడు. ఎన్ని నెలల తరువాతనో అతని ముఖంలో వెలుగు కనబడింది.

"అక్కా, రా, చూడు రా! పూత ఎట్ల పట్టిందో చూడు. వెన్న రాసినట్లు పట్టింది. ఆ హైదరాబాదు అబ్రహాము గారు గూడా భేష్ అన్నాడు. ఇప్పుడే ఫోను మాట్లాడేదానికి అట్ల పోయినాడు. పొద్దున్నుంచి ఏమీ తినలే, ఆకలేస్తాంది అక్కా."

ఆకలేస్తున్నదన్నాడు. ఆ మాట కోసం ఆమె ఎన్ని దేవుళ్ళకు మొక్కిందో!

"నాయనా, రేకులు నేను ముట్టినాను" అన్నది కోటిరత్నమ్మ.

"ఏంది?"

"తెల్లవారుతూనే వచ్చి ముట్టినాను. ఉప్పుతో దిష్టి తీసి, ఆ చేత్తోనే. పోయిన తడవ పగిలిందే, దాన్ని ముట్టింది గూడా నేనే. రోశమ్మ కాదు."

నాగేశ్వర్లు గాజుకన్నువైపు చూశాడు. "ఎన్ని ముట్టినావు?"

"అన్నీ."

"కడిగినాక?"

"నువ్వు కడిగి ఆరబెట్టినావు గదా, ఆ తర్వాతనే."

"ఎన్ని సార్లు చెప్పినానక్కా, తొడుగు లేకుండా ముట్టొద్దని! ఎన్ని సార్లు!"

"జిడ్డు అంటుతాదని చెప్పినావు. తలకు పోసుకొని మడి కట్టుకొని వచ్చినదాన్ని, నా చేతికి జిడ్డెక్కడిదిరా అనుకున్నా."

"మడి!" అని అతడు నవ్వాడు. ఏడుపుకంటె భయంకరంగా ఉన్నది ఆ నవ్వు. "దానికి మడి తెలియదక్కా. దానికి ఉప్పొక్కటే తెలుసు."

"ఆపేయి. తీసి కడుగు."

"ఏం కడుగుతాం? పూత కరిగి కలిసిపోయినాది. దాని కింద ఉప్పు తన పని మొదలుపెట్టి ఎంతసేపయిందో! ఇంక కడిగేది లేదు."

నాగేశ్వర్లు తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు ఊరకుండు. ఎవరికీ చెప్పొద్దు. పైకి ఏమీ కనపడదు. ఆయన ఇక్కడ వంచి చూసేది ఒక చిన్న ముక్కనే. అది నా సొరుగులో ఉండె, నువ్వు ముట్టలేదు, పొద్దున నేనే తీసి పెట్టినా. అది నిలబడతాది. ఈ దినం గట్టెక్కితే చాలు. పని వచ్చినాక అన్నీ శుభ్రంగా చేస్తా. ఒట్టు."

"మరి ఈ రేకులు?"

"వాళ్ళు తీసకపోతారు."

"తీసకపోయి ఏం చేస్తారు?"

"ఇంజనుకు బిగించి నడిపి చూస్తారు. నేలమీదనే. గాల్లోకి కాదు."

"పక్కన మనుషులుంటారా?"

నాగేశ్వర్లు చేతి తొడుగు ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

"పగిలినాక ఎవరి ముద్ర అంటావు? రోశమ్మదంటావా?"

అతడు మోకాళ్ళ మీద కూలబడి అక్క పాదాలు పట్టుకున్నాడు. "ఇది గూడా పోతే నాకింకేమీ లేదక్కా. నన్ను బతకనీ. ఒక్క మాట మింగేయి, నన్ను బతకనీ."

ధర్మం తప్పరాదని ఈ పిల్లవాడికి పురాణాలు చెప్పి నిద్రపుచ్చింది తానే. ఇప్పుడు నెరిసిన ఆ తల తన పాదాల మీద ఉన్నది. గని అంచున అతడు నిలబడిన తీరు కళ్ళకు కట్టింది. నిజం చెప్పితే వీడు పోతాడేమో. చెప్పకపోతే ఎక్కడో ముఖమెరుగని మనుషులు. ముఖమెరిగినవాడి బరువు ముందు ముఖమెరుగనివాళ్ళు తేలిపోవడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. తెలిసి కూడా, "లేయ్ నాయనా, లేయ్, చెప్పనులే" అన్నది. అన్నది నిజం. స్వామి ఎదుట నిలబడినా ఆ మాట తాను అనలేదని చెప్పజాలదు.

నాగేశ్వర్లు కళ్ళు తుడుచుకుని లేచాడు. అప్పుడే అబ్రహాము లోపలికి వచ్చాడు. కనిగిరి ప్రాంతపు మనిషి, హైదరాబాదులో స్థిరపడినా మాట మారలేదు. ఆమెను చూసి చేతులు జోడించాడు.

"మీరేనా కోటిరత్నమ్మగారు? పొద్దున్నుంచి మీ తమ్ముడు నోరు తెరిస్తే మా అక్క, మా అక్క. గుడికి పోయినారన్నాడు. ప్రసాదం ఏదమ్మా? నేను క్రీస్తును నమ్మినోణ్ణే గానీ లడ్డు విషయంలో మాకు పట్టింపు లేదు."

నాగేశ్వర్లు బలవంతాన నవ్వాడు.

"పోయిన తడవ పగిలిన రేకుతో నాకు ప్రాణం మీదికొచ్చిందమ్మా" అని అబ్రహాము కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంజను ఊపు అందుకున్నాక చెవులకు డిప్పలు పెట్టుకొని దాని పక్కన నిలబడేది నేనే గదా. టప్పుమని ఒక చెక్క ఊడి నా భుజం పక్కనుంచి పోయి గోడలో దిగబడింది. ఇంటికి పోయినాక మా ఆవిడకు చెప్పలే. చెప్తే ఉద్యోగం మానమంటది. ఈ తడవ ఆ భయం లేదులే, పూత చూస్తేనే తెలుస్తాంది."

భుజం చూపిస్తూ అతడు నవ్వాడు. మాసిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, గడ్డం కింద గీసుకోగా మిగిలిన నాలుగు తెల్లవెంట్రుకలు. ముఖమెరుగనివాడు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

కోటిరత్నమ్మ తమ్ముడివైపు చూడలేదు. చూస్తే నోరు పెగలదని ఆమెకు తెలుసు.

"అయ్యా, ఆ రేకులు తీసకపోవద్దు" అన్నది.

జరిగినదంతా ఆమె నిలబడే చెప్పింది. దిష్టి, ఉప్పు, తడిచేయి, పోయినసారి ముట్టిన రేకు, గిద్దలూరులో ఫోను వచ్చినప్పుడు నోరు విప్పకపోవడం, అన్నీ చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. తమ్ముడు కాళ్ళు పట్టుకున్న సంగతి ఆమె గొంతులోనే ఉండిపోయింది. వరండాలో గన్ను కడుగుతున్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. రోశమ్మ గుమ్మంలో నిలబడి వింటున్నది.

అబ్రహాము నాగేశ్వర్లువైపు తిరిగి మెల్లగా, "కొలిమి ఆపండి సార్" అన్నాడు.

నాగేశ్వర్లు కదలలేదు. అబ్రహామే లేచి స్విచ్చు దింపాడు.

కొలిమి చల్లబడేదాకా నలుగురూ ఆ షెడ్డులోనే ఉన్నారు. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. నాగేశ్వర్లు గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. ఒకసారి నోరు తెరిచి, "పూత బాగుంది సార్. పూతలో దోషం లేదు" అన్నాడు. "బాగుంది సార్, నేను కాదనలే" అన్నాడు అబ్రహాము.

పొద్దు వాలిన తరువాత రేకులు బయటికి వచ్చాయి. చూపుకు ముచ్చటగా ఉన్నాయి. వెండిబూడిద వన్నెలో, మచ్చ లేకుండా, ఎక్కడ పట్టి చూసినా సమంగా ఉన్నాయి. కోటిరత్నమ్మకు ఒక్కక్షణం ఆశ పుట్టింది. తాను పొరబడిందేమో, స్వామి రక్షించాడేమో! అబ్రహాము ఒక రేకును బల్లకున్న వైసు ఇనుప దవడల మధ్య బిగించి, నిదానంగా వంచాడు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడయింది. పూత మీద సన్నని గీతలు విచ్చుకున్నాయి. అతడు భూతద్దం తీసి చూసి, దాన్ని ఆమెకు అందించాడు. ఆమె చూసింది. నాలుగు వేళ్ళు పక్కపక్కన, బొటనవేలు ఎడంగా. తన చేతినే తాను చూసింది.

రెండో రేకు కూడా విరిగింది. మూడోదాన్ని బిగించబోతే నాగేశ్వర్లు, "చాలు సార్" అన్నాడు.

అబ్రహాము రేకులను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పకుంటే వీటిని నేను సంతోషంగా మోసుకపోయి ఉందును. మావాళ్ళకు ఉన్నదున్నట్లు చెప్తా. పూత మంచిదని గూడా చెప్తా. కానీ మళ్ళీ రేకులిస్తారని మాత్రం మీకు ఆశ పెట్టలేను. రెండుసార్లకే పైవాళ్ళతో నేను పోట్లాడితే ఇచ్చినారు."

"తెలుసయ్యా" అన్నది ఆమె.

నాగేశ్వర్లు లేచి రోశమ్మ ముందుకు వెళ్ళాడు. "రోశమ్మా, పొద్దున నేనన్న మాట..."

"అన్నావు గదా అన్నా. విన్నదాన్ని విననట్లు ఎట్ల చేస్తావు?" అన్నది రోశమ్మ. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. తరువాత కోటిరత్నమ్మవైపు తిరిగింది. "నువ్వు గూడా అక్కా! ఫోనులో సరే అంటివి. నా పేరున కాయ కొడతానంటివి."

కోటిరత్నమ్మ తల వంచుకున్నది. సంచిలో కొబ్బరికాయలు అట్లాగే ఉన్నాయి. వాటిని ముట్టే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"సారును స్టాండులో దింపి వస్తా" అన్నాడు నాగేశ్వర్లు, ఎవరికీ కాకుండా. బండి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

"నేరుగా ఇంటికి రా" అన్నది అక్క. "గనివైపు పోవద్దు. నేను వాకిట్లోనే కూర్చోని ఉంటా. నువ్వొచ్చేదాకా లేవను."

అతడు ఆమె ముఖంలోకి చూశాడు. మధ్యాహ్నంనుంచి చూడనివాడు అప్పుడు చూశాడు. అబ్రహాముకు సంగతి ఎంతవరకు అర్థమయిందో తెలియదు గాని, తాళంచెవి నాగేశ్వర్లు చేతినుంచి తీసుకుని, "బండి నేను తోలుతా సార్, మీరు వెనక కూర్చోండి. బస్సుకు ఇంకా పొద్దుంది. ఇద్దరం కలిసి ఏదన్నా తిని, మిమ్మల్ని నేనే ఇంటికాడ దించి పోతా" అన్నాడు.

బండి చప్పుడు దూరమయింది. రోశమ్మ తన తొడుగులు ఊడదీసి గోడకు తగిలించింది. టిఫిను డబ్బా చేతిలోకి తీసుకుని, పైట సర్దుకుని, గుమ్మంలో ఆగింది.

"సోమవారం రావాల్నా అక్కా?"

కోటిరత్నమ్మ నోరు తెరిచింది. రమ్మంటే అబద్ధం, వద్దంటే ఆ మనిషి ఇంట్లో పొయ్యి వెలగదు. రోశమ్మ కాసేపు చూసి, మెట్లు దిగి, నడక మొదలుపెట్టింది. వెనుకనుంచి పిలుస్తారేమోనని నిదానంగానే నడిచింది. పలకల చెక్కలు గుట్టపోసిన మలుపు దాటి కనుమరుగయ్యేదాకా కోటిరత్నమ్మ ఆమె వీపునే చూస్తూ నిలబడింది.